వాచ్‌మన్ ఒంటిమీద పచ్చబొట్లు ఉన్నాయని వద్దన్నారు, ఇది సబబేనా?

మాధవి_మూసాపేట

అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో పాత వాచ్‌మన్ ఊరికి వెళ్ళిపోయాడు, కొత్తవాళ్ళ కోసం చూస్తున్నాం. వచ్చినవాళ్ళలో ఒకతను నాకు నచ్చాడు. నారాయణపేట వైపు మనిషి, భార్యా ఇద్దరు పిల్లలతో వచ్చాడు. మోటారు సంగతి, సంపు సంగతి, లిఫ్టు మధ్యలో ఆగితే ఏం చేయాలి, అన్నీ తెలుసు. ఇంతకుముందు పనిచేసిన చోటికి నేనే ఫోన్ చేశాను. మనిషి మంచోడే, జీతం దగ్గరే కుదరలేదన్నారు. అయినా మా కమిటీ వద్దంది. అతని మెడ పక్కన త్రిశూలం, ఒక చేతిమీద భార్య పేరు, ఇంకో చేతిమీద అభిమాన హీరో పేరు పచ్చబొట్లు ఉన్నాయి. ‘రౌడీలా ఉన్నాడు, ఇలాంటివాణ్ణి గేటు దగ్గర పెడితే ఆడవాళ్ళు భయపడతారు’ అన్నారు. నేనూ ఆడదాన్నే, నాకేం భయం వేయలేదంటే ఎవరూ వినిపించుకోలేదు.

నాకు మింగుడుపడని సంగతి ఇంకోటుంది. అదే మీటింగ్‌లో ఒక అబ్బాయి కూర్చున్నాడు, ఐటీలో మంచి ఉద్యోగం, భుజం నుంచి మణికట్టు దాకా చేయంతా టాటూనే. లిఫ్టులో కనిపిస్తే ‘ఎక్కడ వేయించావు, ఎంతయింది’ అని ఇదే పెద్దలు ముచ్చటగా అడుగుతారు. ఒకరి ఒంటిమీద ముచ్చటైంది ఇంకొకరి ఒంటిమీద నేరం ఎట్లా అవుతుంది? ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. గట్టిగా మాట్లాడదామనుకుంటున్నా. మీరేమంటారు?

వెంకట్_నిజాంపేట

మాధవి గారూ, మా అసోసియేషన్‌కి సెక్రటరీగా చేసిన అనుభవంతో చెప్తున్నా. వాచ్‌మన్ అంటే ఇంటి తాళాలు ఇచ్చే మనిషి. పిల్లలు స్కూల్ బస్సు దిగితే ముందు కనిపించేది అతనే. మనకి అతని గురించి తెలిసేది కళ్ళకి కనిపించేదే. మెడ మీద పొడిపించుకున్నవాడు ‘నన్ను చూసి ఎవరేమనుకున్నా ఫర్వాలేదు’ అనే తరహా మనిషి అని నాకు అనిపిస్తుంది. అది తప్పే కావచ్చు. కానీ జాగ్రత్త పడటం కూడా తప్పంటే ఎట్లా? అద్దెకుండే వృద్ధ దంపతులు రాత్రి పది గంటలకి గేటు తీయించుకోవడానికి జంకితే, ఆ జంకు కూడా నిజమే కదా.

కిరణ్_ఉప్పల్

వెంకట్ అన్నతో నేను ఏకీభవిస్తా. పెద్దవాళ్ళ భయాన్ని కొట్టిపారేయలేం.

రిటైర్డ్_హెడ్డు

పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. కొన్నేళ్ళు రైల్వే పోలీసులో కూడా చేశాను. పచ్చబొట్టుకీ మాకూ చాలా దగ్గర సంబంధం. మనిషిని పట్టుకోగానే పుట్టుమచ్చలు, కోతల మచ్చలు, పచ్చబొట్లు రాసుకుంటాం. అవి ఆనవాలు కోసం రాసుకునేవే, వాటిని చూసి గుణం తేల్చిన అధికారి నాకు తెలిసి ఒక్కడూ లేడు. నిజం చెప్పాలంటే చేతివాటం ఉన్నవాడు ఒంటిమీద గుర్తు పెట్టుకోవడానికి ఇష్టపడడు. జేబు కొట్టేసినవాడి చేతిమీద పేరు ఉందని ప్రయాణికుడు చెప్తే మా పని సగం అయిపోయినట్టే.

పేపర్లో జిల్లా పేజీలో చిన్నగా వేస్తారు చూడండి, ‘గుర్తు తెలియని మృతదేహం, వయసు 40 నుంచి 45, గళ్ళ చొక్కా, కుడిచేతిపై అమ్మ అనే పచ్చబొట్టు’ అని. ఆ వార్త వెనక మేమే ఉంటాం. పట్టాల పక్కన దొరికిన మనిషికి ముఖం ఆనవాలు ఉండదు, జేబులో కాగితం ఉండదు. ఒకసారి మణికట్టు దగ్గర రెండు పేర్లు, మధ్యలో పువ్వు ఉన్న చెయ్యి ఫొటో వేయించాం. జనగామ నుంచి చెల్లెలు వచ్చింది. ఆ రెండు పేర్లలో ఒకటి ఆమెదే. చిన్నప్పుడు జాతరలో అన్న పొడిపించుకున్నాడట. ఆ పచ్చబొట్టు లేకపోతే ఆ మనిషిని అనాథ శవంగా పూడ్చేవాళ్ళం.

వెంకట్ గారూ, మీ భయం నాకు అర్థమవుతుంది. దానికి మందు పచ్చబొట్టు చూడటం కాదు. ఆధార్ తీసుకోండి, సొంతూరి చిరునామా తీసుకోండి, పాత యజమానులతో మాట్లాడండి, స్టేషన్‌లో వెరిఫికేషన్‌కి ఇవ్వండి. పనివాళ్ళ వివరాలు తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లో నమోదు చేసే వీలు కూడా పెట్టారు. ఇవేవీ చేయకుండా చేతులు శుభ్రంగా ఉన్నాయని తీసుకున్న మనిషి వల్ల దెబ్బతిన్న ఇళ్ళు నేను చాలానే చూశాను.

స్వాతి_గచ్చిబౌలి

వాచ్‌మన్ దాకా ఎందుకు, పెళ్ళి సంబంధాల్లో ఏం జరుగుతుందో చెప్తాను. నాకు భుజం ఎముక దగ్గర ఎగురుతున్న పక్షులు ఉంటాయి, మూడే. మొదటి జీతంతో వేయించుకున్నాను, నాన్నకి ముందే చెప్పి. ఒక సంబంధం అన్నీ కుదిరి, మాటామంతీ అయ్యాక, అబ్బాయి తల్లి వంటింట్లోకి నా వెనకే వచ్చి మెల్లగా అడిగింది: ‘ఇది పొడిచింది ఆడామెనా, మగాడా?’ నేను మగాడే అన్నాను. ఇంక ఆ తర్వాత ఫోన్ లేదు. మధ్యవర్తి చెప్పిన మాట, ‘అమ్మాయి కాస్త ఫార్వర్డ్‌గా ఉంది’ అని.

ఆ అబ్బాయి బయోడేటా ఫొటోలో చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. ముంజేతి మీద శివుడు, కింద ఢమరుకం. మా ఇంట్లో అందరూ ‘దైవభక్తి ఉన్న పిల్లాడు’ అని సంతోషపడ్డారు. నేను కూడా. అతనికి అది భక్తి అయింది, నాకు అది నడవడిక అయింది. మాధవి గారు డబ్బున్నవాడికీ లేనివాడికీ తేడా చూశారు. ఆడపిల్లకీ మగపిల్లాడికీ కూడా అదే తేడా ఉంది. నా స్నేహితురాలు ఒకామె పెళ్ళిచూపులు ఉన్న రోజు మణికట్టు నిండా గాజులు వేసుకుని టాటూ కప్పేస్తుంది. ఆమె ఒక బ్యాంకులో మేనేజర్.

హెచ్ఆర్_హైటెక్‌సిటీ

రిక్రూట్‌మెంట్‌లో పనిచేస్తాను కాబట్టి ఉద్యోగాల వైపు నుంచి రెండు ముక్కలు. సాఫ్ట్‌వేర్ పోస్టులకి టాటూ గురించి కాగితం మీద ఎక్కడా ఉండదు, ఎవరూ అడగరు. క్యాబిన్ క్రూ పోస్టులకి యూనిఫాం వేసుకున్నాక కనిపించే చోట టాటూ ఉండొద్దని చాలా ఎయిర్‌లైన్స్ ప్రకటనలోనే రాసేస్తాయి. పెద్ద హోటళ్ళ ఫ్రంట్ ఆఫీసులోనూ ఆ పట్టింపు చూశాను. అలా రాసి పెడితే కనీసం ముందే తెలుస్తుంది. ఎక్కడా రాయకుండా, ప్యానెల్‌లో కూర్చున్నవాళ్ళు అభ్యర్థి బయటికి వెళ్ళాక ‘కొంచెం సీరియస్‌నెస్ తక్కువేమో’ అంటారు చూడండి, దాంతోనే ఇబ్బంది. ఏం చూసి అన్నారు అని అడిగితే జవాబు ఉండదు. ఆ మాట ఫారంలో రాయమంటే రాయరు. నేను ఇప్పుడు అందరినీ కారణం రాయమనే అడుగుతున్నాను. రాయాల్సి వచ్చేసరికి సగం అభ్యంతరాలు వాటంతటవే పోతున్నాయి.

అచ్చంపేట_అనిత

పచ్చబొట్టంటే రౌడీ అనేవాళ్ళు మా నాయనమ్మను చూడాల్సింది. గడ్డం మీద మూడు చుక్కలు, కణత దగ్గర ఒకటి, రెండు ముంజేతుల మీద తులసికోట, తేలు, ఇంకా ఏవో గళ్ళు. ఎనిమిదో తొమ్మిదో ఏట పొడిపించారట. ఎరుకలామె ఊళ్ళోకి వచ్చి ‘పచ్చబొట్లమ్మా పచ్చబొట్లు’ అని కేకేస్తే ఆడపిల్లలు ఇళ్ళల్లో దాక్కునేవాళ్ళట. పట్టుకొచ్చి అరుగు మీద కూర్చోబెడితే ఒకరు చెయ్యి పట్టుకునేవాళ్ళు, ఇంకొకరు తల పట్టుకునేవాళ్ళు. దీపం మసిలో ఆకు పసరు కలిపి, మూడు నాలుగు సూదులు దారంతో కట్టిన కట్టను అందులో ముంచి టకటకా పొడుచుకుంటూ పోయేది. నొప్పి తెలియకుండా పాట పాడేదట. అయ్యాక పసుపు రాసేది. కూలీ కింద జొన్నలు, ఒక పాత చీర.

నాయనమ్మ నమ్మకం ఏంటంటే, కడియాలు కొడుకులు పంచుకుంటారు, కమ్మలు కోడళ్ళు తీసుకుంటారు, కాటి దాకా వెంట వచ్చేది ఇదొక్కటే అని. ఆదిలాబాద్ గోండుల్లో, మా పక్క తండాల్లోని లంబాడా పెద్దమ్మల్లో కూడా ఇదే మాట విన్నాను. ఊళ్ళో ఆమెను చూసి వంక పెట్టినవాళ్ళు లేరు. హైదరాబాద్‌లో మా బాబాయి ఇంటికి వచ్చినప్పుడు పక్క ఫ్లాట్ ఆవిడ ‘మీ పనిమనిషా?’ అని అడిగింది. చీర మంచిదే కట్టుకుంది, చెవులకి బంగారం ఉంది. గడ్డం మీది చుక్కలు చూసే అడిగింది. నాయనమ్మ ఆ తర్వాత సిటీకి రావడానికి ఒప్పుకోలేదు.

వెంకట్_నిజాంపేట

అనిత గారూ, మీ నాయనమ్మ గారి సంగతి చదివి బాధేసింది. అది పక్కావిడ తప్పు, అనుమానం లేదు. కానీ ఆచారంగా చిన్నప్పుడు పొడిచింది వేరు, ఇరవై ఐదేళ్ళ మగవాడు తెలిసి తెలిసి మెడ మీద వేయించుకున్నది వేరు. రంగు, కులం, పుట్టిన ఊరు మన చేతిలో లేవు. వాటిని బట్టి మనిషిని తక్కువ చూస్తే పాపం. టాటూ మనం ఎంచుకున్నది. ఎంచుకున్న పనిని బట్టి నలుగురూ ఏదో ఒకటి అనుకుంటారు. అనుకోవద్దనే హక్కు ఎవరికుంది? గడ్డం పెంచుకున్నా, ఖద్దరు కట్టుకున్నా అనుకుంటారు కదా.

అచ్చంపేట_అనిత

అనుకోవడం దగ్గర ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదన్నా. అనుకున్నది అతని నలుగురు మనుషుల కూడు దాకా వచ్చింది, అందుకే మాట్లాడుతున్నాం. ఇంకోటి, ఎంచుకున్నాడు అంటున్నారు. మెడ మీద త్రిశూలం మా దిక్కు జాతరలో చాలామంది పొడిపించుకుంటారు. మొక్కు తీరితే వేయించుకుంటారు, కొడుకు జబ్బు తగ్గితే వేయించుకుంటారు. అతన్ని ఎవరైనా అడిగారా, ఎందుకు వేయించుకున్నావని?

మాధవి_మూసాపేట

అడగలేదు అనితా. నేనూ అడగలేదు. ఎక్కడ పనిచేశావు, ఎంత అడుగుతున్నావు, ఇవే అడిగాం.

పాతపుస్తకాల_కోఠి

వెంకట్ గారి మాటకి చరిత్రలోంచి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ‘పచ్చబొట్టు ఉంటే నేరస్థుడు’ అనే చూపు ఊరికే పుట్టలేదు. కంపెనీ పాలనలో బెంగాల్ ప్రెసిడెన్సీలో 1797 రెగ్యులేషన్ ప్రకారం యావజ్జీవ శిక్ష పడ్డవాళ్ళ నుదుటి మీద పేరు, నేరం, శిక్ష తేదీ పొడిచేవాళ్ళు. దాన్ని గోద్నా అనేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా ఈ పద్ధతి అమలైంది. శిక్ష పడ్డవాళ్ళు తలపాగా నుదుటి మీదికి దించుకుని, జుట్టు ముందుకి పెంచుకుని దాన్ని దాచుకునేవాళ్ళు. 1849లో చట్టం చేసి మాన్పించారు. అంటే యాభై ఏళ్ళకు పైగా, అప్పటిదాకా ముత్తయిదువ ముంజేతి మీద ఉన్న వస్తువును ప్రభుత్వమే తీసుకెళ్ళి ఖైదీ నుదుట పెట్టింది.

అక్కడితో ఆగలేదు. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. తర్వాత దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించినప్పుడు ఆ జాబితాలోకి ఎరుకలవాళ్ళు వచ్చారు. అనిత గారి నాయనమ్మకు పాట పాడుతూ పొడిచిన చేతులు ఆ కులానివే. ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడుస్తూ, బుట్టలు అల్లుతూ, సోది చెప్పి బతికేవాళ్ళని పుట్టుకతో దొంగలన్నారు, స్టేషన్‌లో హాజరు వేయించుకోమన్నారు, సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఏర్పడిందే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ ముద్ర కాగితాల మీంచి పోలేదు. మనుషుల మనసుల్లోంచి పోయిందా అంటే, ఈ చర్చలో మొదటి పోస్టు చదవండి.

ఇంకో పక్క చూడండి. వైష్ణవ సంప్రదాయంలో సమాశ్రయణం అనే దీక్ష ఇచ్చేటప్పుడు రెండు భుజాల మీద శంఖ చక్రాలు కాల్చి వేస్తారు. మాధ్వుల్లోనూ అలాంటిదే ముద్రాధారణ ఉంది. అది కూడా పెద్దయ్యాక తెలిసి తెలిసి ఒంటిమీద వేయించుకున్న గుర్తే. ఆ భుజాలున్న పెద్దాయన గేటు దగ్గర నిలబడితే చేతులెత్తి దండం పెడతాం. ఎంచుకున్నదా, ఎంచుకోనిదా అనే లెక్కే నిజమైతే ఈ ఇద్దరినీ ఒకేలా చూడాలి. చూడటం లేదంటే మనం చూస్తున్నది చర్మం మీది బొమ్మను కాదు, ఆ మనిషి సంఘంలో ఎక్కడ ఉన్నాడనేదాన్ని.

కిరణ్_ఉప్పల్

సార్, ఈ గోద్నా సంగతి నాకు అసలు తెలియదు. మాసాబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది కదా, మా పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నాను. అక్కడ గోండులు, లంబాడాల గురించి వాళ్ళకి చెప్పొచ్చు.

సూదీరంగూ

నేను అమీర్‌పేట వైపు చిన్న స్టూడియో నడుపుతాను. పేరు చెప్పను, ప్రచారం అనుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళని చూస్తే ఈ చర్చ అంతా నా కుర్చీలోనే జరుగుతున్నట్టుంటుంది. కాలేజీ అమ్మాయి వచ్చి చెప్పే మొదటి మాట డిజైన్ గురించి ఉండదు. ‘హాఫ్ హ్యాండ్స్ వేసుకుంటే కనబడొద్దు’ అంటుంది. డెలివరీ చేసే తమ్ముడు వచ్చి చేతిమీద కూతురి పాదం బొమ్మ వేయమంటాడు, పుట్టినప్పుడు ఆసుపత్రిలో తీసిన ముద్ర కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెస్తాడు. ఆ కాగితం నా చేతికి ఇచ్చేముందు తన చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. రేపు ఆ చెయ్యి చూసి ఎవరైనా రౌడీ అంటారేమో.

అరచేతి వెనక, మెడ, ముఖం, ఈ చోట్లని మా లైన్లో జాబ్ స్టాపర్లు అంటాం. 18 నిండనివాళ్ళకి నేను అసలు వేయను. నిండినా, మొదటి టాటూయే మెడ మీద కావాలంటే ఆర్నెల్లు ఆలోచించుకుని రమ్మంటాను. లవర్ పేరైతే ఇంకా ఎక్కువ. డబ్బు పోతుంది, పోనీ. ఎందుకంటే ఆ తర్వాత దాన్ని మోసేది వాళ్ళు. లోకం మారాలని నేనూ కోరుకుంటాను, కానీ మారేదాకా ఆ పిల్లాడికి ఉద్యోగం కావాలి.

నా సొంత అనుభవం ఒకటుంది. రెండు చేతులూ నిండా ఇంకే. ఇల్లు అద్దెకి వెతికితే చాలాచోట్ల గేటు దగ్గరే ‘ఇచ్చేశాం బాబూ’ అన్నారు. టూలెట్ బోర్డు మాత్రం అట్లాగే వేలాడుతూ ఉంటుంది. చివరికి నా భార్య ఒక్కతే వెళ్ళి మాట్లాడితే దొరికింది. ఇప్పుడు ఆ ఇంటి ఓనరు గారి మనవడికి బొమ్మలు వేయడం నేర్పిస్తున్నాను.

ఇంకొకటి, జాతర్ల దగ్గర, ఎగ్జిబిషన్ల దగ్గర రోడ్డు మీద కూర్చుని ఒకే సూదితో పది మందికి పొడిచేవాళ్ళ దగ్గర దయచేసి వేయించుకోవద్దు. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ, మూడూ సూదుల ద్వారా రావచ్చు. సూది సీలు మీ కళ్ళ ముందే చించాలి, ఇంకు మీ కోసం కొత్త కప్పులోకి పోయాలి, గ్లవ్స్ మార్చాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

చర్మవైద్యురాలు_తార్నాక

సూదీరంగూ గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు, టాటూ వేయించుకున్నాక రక్తదానానికి బ్లడ్ బ్యాంకులు కొన్ని నెలలు ఆగమంటాయి, ఏడాది ఆగితే చింత ఉండదు. రక్తం ఇచ్చేటప్పుడు దాచకండి. అక్కడ అడిగేది మీ గుణం గురించి కాదు, రోగిని కాపాడటానికి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు తీయించుకోవడానికి వచ్చేవాళ్ళు. కారణాలు ఎక్కువ భాగం రెండే, పెళ్ళి లేదా సర్కారు ఉద్యోగం. కానీ మొన్నామధ్య ఒకావిడ వచ్చింది, ఇళ్ళల్లో వంట చేస్తుంది. గడ్డం మీద మూడు చుక్కలు, అనిత గారు రాసినట్టే. కూతురు ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది, పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళాలి, ఈ చుక్కలు పోవాలి అంది. కూతురు అడిగిందా అంటే లేదంది. ‘దాని ఫ్రెండ్సు నా మొహం చూసి మేము ఎవరమో పట్టేస్తారమ్మా’ అంది. నేను ఫీజు తీసుకోలేదు. తీసేయడం కష్టం కూడా కాదు, నల్ల మసి కాబట్టి తొందరగానే పలచబడుతుంది. కానీ ముందు కూతుర్ని తీసుకురమ్మన్నాను. ఇద్దరూ వచ్చారు. ఆ పిల్ల ‘అమ్మా, నాకు నువ్వు గుర్తొస్తే ఆ చుక్కలే గుర్తొస్తాయి’ అని ఏడ్చింది. ఆవిడ తీయించుకోకుండానే వెళ్ళింది.

షాహీన్_మలక్‌పేట

డాక్టర్ గారి పోస్టు మళ్ళీ మళ్ళీ చదివాను. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఇంట్లో ఒంటిమీద శాశ్వతంగా పొడిపించుకోవడం దీన్‌లో లేదని చెప్తారు, నేనూ అదే పాటిస్తాను. పెళ్ళిళ్ళకీ ఈద్‌కీ మెహందీ, అంతే. లాడ్ బజార్ వీధంతా ఆ వాసనే ఉంటుంది. అంటే పచ్చబొట్టు వద్దనేవాళ్ళందరూ ఎదుటివాళ్ళని తక్కువ చూసేవాళ్ళు కారు. నేను చేయను, అది నా నమ్మకం. ఇంకొకరిని దానితో తూచమని ఆ నమ్మకం నాకు చెప్పలేదు.

మా స్కూల్లో నర్సరీ ఆయా ఒక లంబాడా అక్క. చేతుల నిండా పచ్చబొట్లు. కొత్తగా చేరిన పాప తల్లి ఒకామె వచ్చి ‘మా పాపకి వేరే ఆయాని పెట్టండి, ఈమెను చూస్తే జడుసుకుంటుంది’ అంది. ఆ పాప అప్పటికే ఆ అక్క ఒళ్ళో కూర్చుని, ఆమె మోచేతి మీది చుక్కల్ని వేలితో లెక్కపెడుతోంది. మా ప్రిన్సిపల్ మేడమ్ ఆ తల్లిని లోపలికి తీసుకెళ్ళి అది చూపించింది. పిల్లలకి ఈ భయం పుట్టుకతో రాదు. మనం దగ్గరుండి నేర్పిస్తే వస్తుంది. అందుకే పెద్దవాళ్ళ ముందు గట్టిగా మాట్లాడటం అవసరం మాధవి గారూ.

వెంకట్_నిజాంపేట

అందరి పోస్టులూ చదివాను. శంఖ చక్రాల మాట దగ్గర ఆగిపోయాను. మా తాతగారి భుజాల మీద ఉండేవి. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒక విషయంలో నా మాట మార్చుకోను. కమిటీలో ఉన్నవాళ్ళు దుర్మార్గులని మాత్రం ఎవరూ అనొద్దు. భయపడ్డవాళ్ళకి ఆధారం చూపించాలి. హెడ్డు గారు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. వచ్చిన ప్రతి అభ్యర్థికీ, పచ్చబొట్టు ఉన్నా లేకపోయినా, అదే వెరిఫికేషన్ పెట్టండి. అప్పుడు ఎవరి మనసూ నొచ్చుకోదు. మా దగ్గర కూడా ఇకనుంచి అదే పెట్టిస్తాను.

మాధవి_మూసాపేట

థాంక్స్ వెంకట్ గారూ. ఇదే రాసి కమిటీ గ్రూపులో పెట్టాను. హెచ్ఆర్ గారు చెప్పినట్టు, ఎవరినైనా వద్దంటే కారణం మినిట్స్‌లో రాయాలని కూడా అడిగాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఇంకా కోపంగానే ఉన్నారు. అతనికి ఫోన్ చేసి కాగితాలతో రమ్మన్నాను. ‘వేరే చోట మాట్లాడుకున్నాను, అయినా వస్తానక్కా’ అన్నాడు.

తిరుమలగిరి_కుర్రోడు

పెద్దలందరికీ నమస్కారం. టాపిక్ కొంచెం మారుస్తున్నా, క్షమించండి. నాకు 19 ఏళ్ళు. ఆర్మీకి ప్రిపేరవుతున్నా, సీఏపీఎఫ్ (కేంద్ర సాయుధ పోలీసు బలగాలు) కానిస్టేబుల్ పరీక్ష కూడా రాస్తున్నా. ఇంటర్లో ఫ్రెండ్స్‌తో కలిసి కుడి భుజం మీద సింహం, కుడి ముంజేతి లోపలి వైపు అమ్మ పేరు వేయించుకున్నా. రన్నింగ్ దగ్గర ఒకన్న ‘నీకు మెడికల్‌లో రిజెక్టే’ అన్నాడు. అప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు, ఒకటే టెన్షన్. నిజమేనా?

మాజీ_సుబేదార్

బాబూ, ముందు కంగారు తగ్గించుకో. నిబంధన ఇది. ఆర్మీలో శాశ్వత టాటూలు ముంజేతి లోపలి వైపు, అంటే మోచేయి లోపలి మడత నుంచి మణికట్టు దాకా, ఇంకా అరచేతి వెనక వైపు మాత్రమే ఒప్పుకుంటారు. మిగతా చోట్ల ఉంటే ఒప్పుకోరు. గిరిజన తెగలవాళ్ళకి వాళ్ళ ఆచారం ప్రకారం ఉన్నవాటికి మినహాయింపు ఉంది, దానికి ధ్రువపత్రం చూపించాలి. సీఏపీఎఫ్‌లో ఇంకొంచెం గట్టి. ముంజేతి లోపలి వైపు అంటే ఎడమ చెయ్యి మాత్రమే, ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడిచేత్తో. అరచేతి వెనక వైపు ఫర్వాలేదు. సైజు ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. పేరు, మత చిహ్నం ఉండొచ్చు.

అంటే నీ అమ్మ పేరు ఆర్మీకి ఫర్వాలేదు, సీఏపీఎఫ్‌కి ఇబ్బంది. భుజం మీది సింహం రెండు చోట్లా ఇబ్బందే. ఇందులో నీ గుణం మీద తీర్పేమీ లేదు, ఎవరో అన్నారని మనసు చిన్నబుచ్చుకోకు. నిబంధన అందరికీ ఒకటే, ముందే రాసి పెట్టారు, కారణం కూడా చెప్పారు. ఈ చర్చలో మిగతావాళ్ళు అడుగుతున్నది కూడా అదే అనుకుంటా.

చర్మవైద్యురాలు_తార్నాక

తమ్ముడూ, సింహంలో రంగులు ఉన్నాయా, నలుపు ఒకటేనా? నలుపైతే లేజర్‌కి బాగా లొంగుతుంది. ఆకుపచ్చ, నీలం, పసుపు మొండివి. ఇంకు చర్మం పై పొర కింద ఉంటుంది, లేజర్ దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది, తర్వాత ఒళ్ళే మెల్లగా బయటికి పంపుతుంది. అందుకే ఒక్క సిట్టింగ్‌లో పోదు. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మొత్తానికి ఏడాది పైనే పట్టొచ్చు. మన చర్మం రంగుకి తొందరపడితే తెల్ల మచ్చలు వస్తాయి. పూర్తిగా పోతుందని గ్యారంటీ ఇచ్చేవాళ్ళని నమ్మొద్దు. ఇంట్లో యాసిడ్ పోయడం, రాయితో గీకడం, ఆన్‌లైన్ క్రీములు రాయడం అసలే వద్దు. ఆ మచ్చ టాటూ కంటే పెద్ద అడ్డంకి అవుతుంది.

తిరుమలగిరి_కుర్రోడు

నలుపు ఒకటే మేడమ్. అమ్మ పేరు తీయాలంటే మనసు రావట్లేదు.

మాజీ_సుబేదార్

అయితే ఇప్పుడే దాని జోలికి పోకు. ముందు సింహం సంగతి చూడు, ఆర్మీ ర్యాలీకి అది చాలు. రెండు నోటిఫికేషన్లూ ప్రింట్ తీసి, టాటూల పేరా కింద గీత గీసుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. సిట్టింగులు ఎప్పుడు మొదలైతే ఎప్పటికి అయిపోతాయో ర్యాలీ తేదీలతో కలిపి రాయించుకో. ట్రీట్‌మెంట్ కాగితాలు పారేయకు, ఫైల్లో పెట్టుకో. ఈలోగా రన్నింగ్ ఆపొద్దు.